సున్నా చుట్టిన చక్రాలు

చక్రం బాగున్నంతకాలం ఏమీ మాట్లాడదు. నలభై ఏళ్ల బస్సు డిపో కొలువులో నేర్చుకున్నదేమిటని అడిగితే రాజనర్సయ్య ఈ ఒక్క ముక్కే చెప్పేవాడు. లోపల బేరింగులో గ్రీజు ఎండినా, గోళీలు దొర్లే దారిలో గోరంత గుంట పడినా చక్రం మొదట సన్నగా సణుగుతుంది. నాలుగు వారాలు పోయాక గొణుగుతుంది. ఆ తరువాత అరుస్తుంది. అరుపుదాకా వస్తే దారిన పోయే దానయ్య కూడా పట్టుకుంటాడు. సణుగుడు దగ్గర పట్టుకున్నవాడే మెకానిక్కు.

దానికి అతని పనిముట్టు కర్రపిడి ఉన్న మూరెడు స్క్రూడ్రైవరు, అతని మాటలో పేచ్‌కస్. బస్సు వెనక ఇరుసును జాకీ మీద లేపి, ఇంజను నడిపించి, చక్రం గాల్లో తిరుగుతుండగా పేచ్‌కస్ మొనను ఇరుసు తొడుగుకు ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు అదిమి కళ్లు మూసుకునేవాడు. పూర్వం వైద్యులు రోగి రొమ్ముకు నేరుగా చెవి ఆనించి వినేవారట. ఏదో దేశంలో ఒక డాక్టరుకు ఆడమనిషి రొమ్ము మీద చెవి పెట్టడానికి మొహమాటమేసి, కాగితాలను గొట్టంలా చుట్టి దాని గుండా విన్నాడట. ఇవాళ డాక్టర్ల మెడలో వేలాడే గొట్టానికి ముత్తవ్వ ఆ కాగితపు చుట్టే. అలా మొహమాటం ఒక్కోసారి ప్రాణాలు నిలబెట్టే వస్తువులను కూడా కనిపెడుతుంది. రాజనర్సయ్య దగ్గరికి వచ్చేసరికి మాత్రం అది ఇంకో దారి పట్టింది.

విన్నాక సుద్దముక్కతో టైరు మీద గుర్తు పెట్టేవాడు. బాగుంటే సున్నా, లేకపోతే ఇంటూ. సున్నా చూస్తే డిపోలో డ్రైవర్లు దాన్ని తాకి కళ్లకద్దుకుని బండెక్కేవారు.

రిటైరైన మరుసటి ఏడాది అతని భార్య మంగవ్వ పోయింది. పిల్లలు లేరు. మధురానగర్‌లో ఆడపిల్లల హాస్టలు మేడ మీద ఒక్క గది. మంగవ్వది పెద్ద గొంతు. ఇంజన్ల మోతలో బతికి వచ్చిన మొగుడితో మాట్లాడీ మాట్లాడీ ఆమెకు అరవడమే మాట అయిపోయింది. కొత్తగా చేరిన హాస్టలు పిల్లలు కొట్లాట అనుకుని మెట్లెక్కి వచ్చి చూస్తే, ఆమె మొగుణ్ణి ఇంకొంచెం పులుసు పోసుకోమంటూ ఉండేది. అలాంటి మనిషి పోయాక గదిలో పడిన నిశ్శబ్దం అంతా ఆమె లేని నిశ్శబ్దమే అనుకున్నాడు రాజనర్సయ్య. కుక్కరు కూతల లెక్క తప్పి పప్పు మాడితే, ఇంట్లో ఆడమనిషి లేకపోతే ఇంతే అనుకున్నాడు. ఫోను మోగనే మోగకపోతే, ఇంక మనకెవరు చేస్తారులే అనుకున్నాడు. మెట్రో రైలు వంపు తిరిగేటప్పుడు పెట్టే కీచు ఏనాటి నుంచో వినిపించడం మానేసింది. పట్టాలకు నూనె రాశారు కాబోలనుకున్నాడు.

అలాంటి రోజుల్లో చక్రవాణి అనే కంపెనీ వాళ్లు అతన్ని వెతుక్కుంటూ వచ్చారు.

అమీర్‌పేటలో తలెత్తితే ఆకాశం కన్నా ముందు కోర్సుల బోర్డులు కనిపిస్తాయి. ఆరు వారాల్లో ఇది, నలభై అయిదు రోజుల్లో అది. మనిషికి తెలిసిన విద్యలను ఇలా వారాలుగా కోసి అమ్మిన పేట చరిత్రలో ఇంకొకటి ఉందో లేదో. తక్షశిలలో ఒక్క వైద్యానికే ఏడేళ్లు పట్టిందని చెబుతారు. ఆ బోర్డుల సందులో, జెరాక్సు కొట్టు మీద మూడో అంతస్తులో ఉంది చక్రవాణి ఆఫీసు. మొత్తం ఏడుగురు మనుషులు. వాళ్లు తయారుచేసే సెన్సరు డబ్బీ అగ్గిపెట్టెంత ఉంటుంది. దాన్ని ఇరుసు మీద అంటిస్తే లోపలి అదురునూ వేడినీ పసిగట్టి, తీగ అనేది లేకుండానే డ్రైవరు సీటు కింద ఉన్న పెట్టెకు చెబుతుంది. పెట్టె ఆఫీసుకు చెబుతుంది. తేడా ఉంటే సంబంధించిన వాళ్ల ఫోన్లలో ఎర్ర చుక్క పడుతుంది. ఏ చక్రం చెడబోతోందో చెడకముందే చెప్పడం వాళ్ల వ్యాపారం. జాతకం చెప్పడం లాంటిదే, కాకపోతే ఇరుసుకు.

అయితే ఏ అదురు మంచిదో ఏది చెడ్డదో ఆ డబ్బీకి పుట్టుకతో తెలియదు. ఎవరో ఒకరు నేర్పాలి. అందుకు కావలసి వచ్చాడు రాజనర్సయ్య. పంజాగుట్టలో ఎర్రమంజిల్ వైపు ఒక ప్రహరీ లోపల పదకొండు ప్రైవేటు బస్సులు నిలుస్తాయి. ఎర్ర చుక్క పడినప్పుడల్లా అక్కడికి పోయి, విని, ఫోనులో 'బాగుంది' అనో 'బాగాలేదు' అనో మీట నొక్కడం అతని పని. అలవాటు కొద్దీ సుద్ద గుర్తు కూడా పెట్టేవాడు. మొదటి నెలల్లో మూడుసార్లు డబ్బీ చెడ్డదన్న చక్రాన్ని అతను మంచిదన్నాడు. విప్పి చూస్తే మూడుసార్లూ అతని మాటే నిజమైంది. ఒకసారైతే జిగురు ఊడి డబ్బీయే అదురుతోంది. దాంతో ఆఫీసులో ఒక పద్ధతి పడిపోయింది. డబ్బీకీ పెద్దాయనకూ మాట కలవకపోతే పెద్దాయన మాటే ఖాయం. విప్పి చూడటం కూడా మానేశారు. పెద్దమనిషి చెప్పాక మళ్లీ విప్పితే ఏం బాగుంటుంది? అతను 'బాగుంది' అన్న ప్రతిసారీ, అలాంటి అదురు మంచిదేనని డబ్బీ కూడా నేర్చుకునేది.

ఈ పద్ధతిని కంప్యూటర్లోకి ఎక్కించింది ధాత్రి. కాకినాడ పిల్ల, ఆ డబ్బీలకు చదువు చెప్పే ఇంజనీరు. కిటికీ పక్కన రాజనర్సయ్యకు ఒక కుర్చీ వేయించింది కూడా ఆమే. పొద్దున అతను రాగానే "బాబాయ్, టీ తాగారా?" అని అడిగేది. రోజు మొత్తంలో అతన్ని వరస పెట్టి పిలిచే గొంతు అదొక్కటే. ఆమె మాటల్లో సగం అతనికి అందేవి కావు. మళ్లీ చెప్పమనడానికి మొహమాటం. ఆమె నవ్వితే తానూ నవ్వేవాడు, ఆమె తల ఊపితే తానూ ఊపేవాడు. అలా రెండేళ్లు గడిచాయి.

ఒక శుక్రవారం నాడు డబ్బీలు కొనే ఆలోచన ఉన్నవాళ్లు ముగ్గురు ఆఫీసుకు వచ్చారు. కంపెనీ యజమాని కృష్ణమోహన్ వాళ్లకు అన్నీ చూపించి, చివరకు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"మా మిషన్ ఎక్కడ పొరబడుతుందో కూడా దాచమండి. ధాత్రీ, అది వినిపించమ్మా."

ధాత్రి లేచి నిలబడింది. "ఇది ఒక బస్సు వెనక చక్రం. అసలు చప్పుడు మరీ సన్నది. స్పీకర్లో తేలదని ఎనిమిదో వంతుకి నెమ్మది చేశాను. మిషన్ దీన్ని చెడ్డదంది. మా బాబాయ్ గారు వెళ్లి విని బాగుందన్నారు. అందుకే మా దగ్గర మిషన్ మీద మనిషి ఉంటాడు."

స్పీకరు మోగింది. గర్ర్... టక్. గర్ర్... టక్. గర్ర్... టక్.

రాజనర్సయ్య కుర్చీలోంచి సగం లేచాడు. నిద్రలో వినిపించినా గుర్తుపట్టే చప్పుడు. బేరింగు బయటి వలయంలో గుంట పడింది. చుట్టుకొకసారి ఒక్కో గోళీ ఆ గుంటలో పడి లేస్తోంది. అతను లేవడం చూసి, వచ్చినవాళ్లలో పెద్దాయన తనకు నమస్కారం పెట్టడానికే లేచాడనుకుని రెండు చేతులూ జోడించాడు. "అంతా మీ చెవుల్లోనే ఉందన్నమాట!" అన్నాడు గట్టిగా. రాజనర్సయ్య కూడా చేతులు జోడించి కూర్చున్నాడు.

వాళ్లు వెళ్లిపోయాక ధాత్రి బల్ల దగ్గరికి వచ్చాడు.

"బిడ్డా, గది ఏ బండి?"

"పద్నాలుగు బాబాయ్. ఎడమ వెనక. బుధవారం మీరే చూశారుగా?"

"గంత సాఫ్ ఎట్ల ఇనబడ్డది?"

"నెమ్మది చేశాం కదా. సన్న చప్పుడిని నెమ్మది చేస్తే లావుగా వినిపిస్తుంది. ఏంటి బాబాయ్, అలా ఉన్నారు?"

"ఏం లేదు. టీ ఎక్కువైంది."

చెవి చెట్టులాంటిది. పైకొమ్మల నుంచి ఎండుకొస్తుంది. ముందు పిట్టలు పోతాయి, తరువాత పసిపిల్లలు, ఆ తరువాత ఆడవాళ్లు, చివరికి లారీలు మిగులుతాయి. నలభై ఏళ్లు ఇంజన్ల పక్కన నిలబడ్డ చెవికి ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. రాజనర్సయ్యకు ఈ శాస్త్రమంతా తెలియదు. కానీ ఆ సాయంత్రం గదిలో కుక్కరు ముందు ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాడు. బరువు లేచింది, ఆవిరి చిమ్మింది, మళ్లీ దిగింది. కూత లేదు. ఇంకోసారి లేచింది. లేదు.

అతని పనిలో చప్పుడు లేకపోవడమంటేనే బాగుండటం. ఈ మధ్య చక్రాలన్నీ భలే బాగుంటున్నాయని, బజారులో మంచి బేరింగులు వస్తున్నాయని సంతోషపడ్డాడు కూడా. డబ్బీ ఎర్ర చుక్క పెట్టినప్పుడల్లా దాన్ని చూసి లోలోపల నవ్వుకున్నాడు.

శనివారం ఆఫీసుకు పోకుండా నేరుగా పంజాగుట్ట ప్రహరీకి పోయాడు. నంబరు చివర పద్నాలుగు ఉన్న బస్సును డ్రైవరు సురేందర్ కడుగుతున్నాడు. సురేందర్ ఉండేది కృష్ణానగర్‌లో. సినిమాలో హీరో బస్సు నడిపితే వెనక నుంచి కనిపించే తల తనదేనని చెప్పుకుంటాడు.

"నర్సన్నా, ఏందే గిట్ల వచ్చినవ్? ఎర్ర చుక్క సుత పడలే."

"సురేందర్, ఎడమ ఎనక చక్రం ఇప్పాలె."

"ఏది? గీ సున్నా ఉన్నదా?"

"అవ్."

"సున్నా ఎవలు గీసిండ్రు?"

"నేనే."

"మరి?" సురేందర్ పైపు కింద పడేశాడు. "రేపు తెల్లారంగ నలభై మంది ఆడపిల్లలతోని శ్రీశైలం పోవాలె. అమీర్‌పేట కోచింగు పిల్లలు. ఘాటు రోడ్డు. ఇయ్యాల బండి కడగాలె, సీట్లకు తొడుగులెయ్యాలె. హబ్బు ఇప్పితే పొద్దుగూకుతది. నీ మనసు గడియకోతీరు మారితే నా గతేంది?"

"మొన్న సరిగ్గ ఇనలే."

"నువ్వు సరిగ్గ ఇనకపోవుడా! పరాచికాలాడకు నర్సన్నా. నువ్వు సున్నా గీసినవంటే నేను కండ్లు మూసుకొని తోల్త."

రాజనర్సయ్య జాకీ తెచ్చి ఇరుసు కింద పెట్టాడు. సురేందర్ గొణుక్కుంటూనే పోయి ఇంజను నడిపాడు. చక్రం గాల్లో తిరిగింది. రాజనర్సయ్య పేచ్‌కస్ ఆనించి కళ్లు మూసుకున్నాడు. ఇంజను మోత, దాని అడుగున పళ్లచక్రాల బరువు మోత. అంతే. ఎంత బాగున్న చక్రం! ఇంకో పది నిమిషాలు అలాగే ఉంటే మళ్లీ నమ్మేసేవాడేమో. కళ్లు తెరిచి పేచ్‌కస్‌ను సురేందర్ చేతికిచ్చాడు.

"నాకెందుకే? నాకేం ఎరుక?"

"జర పెట్టు. చెవి ఎనక. బొక్కకు ఒత్తి పట్టు."

సురేందర్ నవ్వుతూనే పెట్టుకున్నాడు. మధ్యలో నవ్వు ఆగింది.

"ఏందే ఇది... ఈల లెక్క. కీస్ కీస్ మంటున్నది. పండ్లు జివ్వుమంటున్నయ్."

"ఇనబడ్తున్నదా?"

"గింత మోత చెవిటోనికి సుత..." అని సురేందర్ ఆగిపోయాడు. పేచ్‌కస్ మెల్లగా దించాడు.

"నాకు ఇనబడ్తలేదు సురేందర్," అన్నాడు రాజనర్సయ్య.

ఇద్దరూ కలిసి హబ్బు దించేసరికి మధ్యాహ్నం మూడైంది. బయటి వలయంలో కందిబద్దంత గుంట. దాని చుట్టూ ఇనుము కాగి, నెమలి మెడలా నీలి రంగుకు తిరిగింది. సురేందర్ దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. "డ్యాము దిక్కు ఘాటు దిగేటప్పుడు..." అని మొదలుపెట్టి, దాన్ని గుడ్డలో చుట్టి పక్కన పెట్టాడు.

కొత్త బేరింగు వేసి, గ్రీజు పెట్టి, చక్రం బిగించాక సురేందర్ చేతులు తుడుచుకుంటూ పక్కన కూర్చున్నాడు. ఈసారి చెవి దగ్గరికొచ్చి గట్టిగా మాట్లాడాడు. మంగవ్వ పోయాక అతనితో ఎవరూ అంత గట్టిగా మాట్లాడలేదు.

"నర్సన్నా, నేనెవ్వలకు చెప్ప. మా అవ్వ మీద ఒట్టు. బండి మంచిగైంది, అయిపాయె. నువ్వు ఫికర్ చెయ్యకు. ఇప్పటి సంది చుక్క పడ్డప్పుడు నన్ను పిలువు. నేను ఇని చెప్త, నువ్వు మీట నొక్కు. నీ కుర్చీ నీకుంటది. ఎవనికి ఎర్కయితది?"

రాజనర్సయ్య అతని భుజం మీద చెయ్యి వేశాడు. చెడ్డ ఆలోచన కాదు. ప్రేమతో చెప్పిన మాట. కానీ అతని చూపు సురేందర్ మీద లేదు. వరసగా నిలబడ్డ మిగతా పది బస్సుల మీద ఉంది. ప్రహరీ ఈ చివర నుంచి ఆ చివర దాకా టైర్ల మీద తెల్లటి సున్నాలు. కొన్ని వానకు అలికిపోయాయి. కొన్ని ఈ వారానివే.

పంజాగుట్ట నుంచి అమీర్‌పేట దాకా మెట్రో స్తంభాల నీడలో నడిచాడు. ఆటో ఎక్కితే పది నిమిషాల్లో తేలిపోతుంది. అతనికి అంత తొందరగా తేలడం ఇష్టం లేదు. చెబితే పోయేదేమిటో అతనికి తెలుసు. కిటికీ పక్క కుర్చీ. పొద్దుటి టీ. సగమే వినపడినా తనను బాబాయ్ అని పిలిచే ఒక గొంతు. చెప్పకపోతే పోయేది ఎవరిదో, ఏ రోడ్డు మీదో, అది మాత్రం తెలియదు. తెలియకపోవడమే భరించలేకపోయాడు. పేరు తెలిసిన మనిషి కన్నా పేరు తెలియని నలభై మంది బరువెక్కువ. సందులో జెరాక్సు కొట్టు ముందు ఒక్క నిమిషం నిలబడి, రెయిలింగు పట్టుకుని మెట్లెక్కాడు.

ధాత్రి ఒక్కతే ఉంది.

"బిడ్డా, నా సున్నాలన్ని తీసెయ్."

ఆమె తలెత్తి ఏదో అంది. పెదవులు కదిలాయి. రెండేళ్లలో మొదటిసారి అతను అడిగాడు. "జర గట్టిగ చెప్పు బిడ్డా. నాకు ఇనబడది."

పద్నాలుగో బండి సంగతీ, కుక్కరు సంగతీ, మెట్రో సంగతీ చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఆమె ముఖం వైపు చూడలేదు, కిటికీ బయట ఉన్న బోర్డుల వైపు చూశాడు. ఆమె తెర మీద ఏవో వరసలు లాగి, నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"రెండు వందల ముప్పై 'బాగుంది'లు బాబాయ్. మిషన్ అన్నీ నేర్చేసుకుంది. అది సరిగ్గానే చెప్తుంటే, కాదని మనమే తప్పు నేర్పాం." గట్టిగా, ఒక్కో మాటా విడదీసి అడిగింది. "ఎప్పట్నుంచి వినపడ్డం లేదు?"

"గదే ఎరుకైతే గింతదాక వస్తుండెనా?"

"మరి 'బాగాలేదు'లు?"

"గవి ఇనబడ్డయ్ కద బిడ్డా."

ఆమె లెక్క చూసింది. పందొమ్మిది. అవి ఉంచేసింది. రెండేళ్ల పనిలో నిలిచినవి అవే, పందొమ్మిది ఫిర్యాదులు. మంచి అని అతను చెప్పిన మాట ఒక్కటీ మిగలలేదు.

ఆ సాయంత్రమే కృష్ణమోహన్ బస్సుల యజమానికి ఫోను చేశాడు. పద్నాలుగు ఒక్కటే ఆదివారం శ్రీశైలం పోయి వచ్చింది. మిగతా పదీ నాలుగు రోజులు కదలలేదు. అన్ని చక్రాలూ విప్పారు. ఇంకో రెండింటిలో గుంటలు దొరికాయి.

బుధవారం కృష్ణమోహన్ అతన్ని గదిలోకి పిలిచి తలుపు వేశాడు. "రాజనర్సయ్య గారూ, మీరు చెప్పకపోతే మాకు ఎప్పటికీ తెలిసేది కాదు. తప్పు మీ ఒక్కరిదే కాదు. అడగకుండా నమ్మడం మాది." ఇకమీదట ప్రతి ఎర్ర చుక్కకూ విప్పి చూసే పద్ధతి పెడుతున్నామని, దానికి ఇద్దరు టెక్నీషియన్లు వస్తున్నారని చెప్పాడు. "అవసరమైతే మేమే ఫోన్ చేస్తాం."

"మంచిది సారు," అన్నాడు రాజనర్సయ్య. కోపం రాలేదు. అతని చేతిలో ఉన్నా అదే చేసేవాడు.

ధాత్రి జెరాక్సు కొట్టు దాకా దిగివచ్చింది. ఏదో చెప్పింది, కొంచెం పొడుగు మాటే. పక్కన కోచింగు వాళ్ల మైకు, ఎదురుగా ఆటోలు. మళ్లీ చెప్పమని అడుగుదామనుకునేలోగా పాత అలవాటు తల ఊపేసింది. ఆమె కళ్లు తుడుచుకుని మెట్లెక్కి వెళ్లిపోయింది. ఆమె ఏమన్నదో అతనికి ఇప్పటికీ తెలియదు.

తరువాత సురేందర్ పట్టుబట్టి పంజాగుట్టలో ఒక చెవుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. గాజు గదిలో కూర్చోబెట్టి, వినిపించినప్పుడల్లా వేలెత్తమన్నారు. చాలాసేపు వేలెత్తలేదు. బయటికి వచ్చాక కాగితం మీద చూపించిన వినికిడి గీత ఎడమ నుంచి కొంతదూరం చదునుగా నడిచి, అక్కడి నుంచి ఘాటు రోడ్డులా కిందికి జారింది. చెవి మిషన్ పెట్టారు. మధురానగర్ గదికి వచ్చి దాన్ని తగిలించుకుంటే కుక్కరు కూసింది. కింద పిల్లలు నవ్వారు. మెట్రో వంపు తిరుగుతూ కీచుమంది. పోయాయనుకున్నవన్నీ ఒక్కొక్కటిగా తిరిగి వచ్చాయి. అతను పీట మీద కూర్చుని ఇంకా ఏదో రావాలన్నట్టు చాలాసేపు చూశాడు. గదిలోని నిశ్శబ్దంలో చెవులది ఎంత, మంగవ్వది ఎంత అని విడదీసి చూసుకోవడం ఆ రోజే కుదిరింది. చెవుల వాటా తీసేసినా, మంగవ్వది అంత పెద్దదీ అలాగే ఉంది.

ఆఫీసు నుంచి ఎవరూ ఫోను చేయలేదు. అయితే ఎర్ర చుక్కలు వెళ్లే వాళ్ల పట్టికలోంచి అతని నంబరు తీసేయడం మాత్రం వాళ్లు మరిచిపోయారు. చొక్కా జేబులో, గుండె మీద, ఫోను వారానికి ఒకటి రెండుసార్లు అదురుతుంది. తీసి చూస్తే ఏ బండి, ఏ వైపు, ఏ చక్రం అని ఉంటుంది. దాని కింద 'బాగుంది', 'బాగాలేదు' అని రెండు మీటలూ ఇంకా అలాగే ఉంటాయి. అతను ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, సురేందర్‌కు కూడా. మీటల జోలికి పోకుండా వేలు దూరంగా పెట్టుకుని, ఎవరో ఆ చక్రం విప్పి, చూసి, ఎర్ర చుక్కను ఆకుపచ్చ చేసేదాకా ఫోనును అరచేతిలో పట్టుకుని కూర్చుంటాడు.